అందరూ వస్తేనే లెక్క

రుద్రారం గణేశ్ గడ్డ గుడి దగ్గర, ముంబై హైవే అంచున ఒక చాయ్ బండి ఉంది. సాయంత్రం షిఫ్టు బస్సులన్నీ వెళ్లిపోయాక అక్కడ బెంచీలు ఖాళీ అవుతాయి. ఆ ఆదివారం ఒక బెంచీ మీద పెద్ద మ్యాప్ పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా చాయ్ గ్లాసులు పెట్టి కూర్చుంది మా పక్కింటాయన మేనకోడలు. పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ ల్యాబ్‌లో పని చేస్తుంది. ఆయన ముప్పై ఏళ్లు ఈ పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లోనే సేఫ్టీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆ అమ్మాయి ఇద్దరు స్నేహితులతో కలిసి సహ్యాద్రి కొండల్లో జరిగే ఒక రేసుకు పోతానంటోంది. ఆయన వద్దంటున్నాడు. నన్ను తీర్పు చెప్పమని పిలిచారు. తీర్పు చెప్పడం నా వల్ల కాలేదు. విన్నది రాస్తున్నాను.

మామ: ఉరుకుడా, సైకిలా, పడవనా? ముందుగాల అది చెప్పు.

కోడలు: మూడూ ఉంటయి మామా. అడ్వెంచర్ రేసింగ్ అంటె అదే. కొంతదూరం గుట్టల మీద నడుస్తం, ఉరుకుతం. కొంతదూరం మౌంటెన్ బైక్. నీళ్లొస్తె కయాక్‌ల కూసొని తెడ్డేస్తం. ఒక్కోకాడ తాడు కట్టుకొని బండ దిగాలె. తొవ్వపొంటి గుర్తులుండయి, జెండాలుండయి. మ్యాప్ ఇస్తరు, దాని మీద చెక్‌పాయింట్లు ఉంటయి. ఆటికి ఏ తొవ్వల పోతవో నీ ఇష్టం. కంపాస్ పెట్టుకోవచ్చు. జీపీఎస్ పనికిరాదు, ఫోన్ సీల్ చేసిన సంచిల పెట్టాలె.

మామ: ఎన్ని గంటలు?

కోడలు: చిన్నయి నాలుగైదు గంటలల్ల ఒడుస్తయి. తర్వాత ఒక పగలు, ఒక రాత్రి నడిచేటివి. పెద్దయి వారం, పది రోజులు. గడియారం మాత్రం ఒకసారి మొదలైతె ఆగదు. తిన్నా, పండుకున్నా, సైకిల్ పంక్చర్ వేసుకున్నా టైం నడుస్తనే ఉంటది. ఎప్పుడు ఆగాలె, ఎంతసేపు కన్ను మూయాలె అన్నది జట్టే తేల్చుకోవాలె.

మామ: ఎవలు కనిపెట్టిన్రు ఈ ఆట?

కోడలు: ఒక్కలని చెప్పలేం. న్యూజిలాండ్‌ల 1983లనే 'కోస్ట్ టు కోస్ట్' అని ఒకటి మొదలైంది. ఈ సముద్రం ఒడ్డుకెళ్లి ఆ సముద్రం ఒడ్డుదాక, 243 కిలోమీటర్లు. అటెన్క జెరార్డ్ ఫ్యూసిల్ అని ఒక ఫ్రెంచ్ విలేకరి 1989ల 'రెయిడ్ గొలువాజ్' పెట్టిండు. అదీ న్యూజిలాండ్‌లనే. జట్టుకు ఐదుగురు, అండ్ల ఒక్క ఆడమనిషన్న ఉండాలె అన్నడు. ఇప్పుడు పెద్ద రేసులల్ల నలుగురు, గని ఆ నియమం మాత్రం పోలె. 1995ల మార్క్ బర్నెట్ అమెరికాల 'ఎకో ఛాలెంజ్' పెట్టి టీవీల చూపించిండు. అప్పటికెళ్లి లోకానికి తెలిసింది.

ఇక్కడ నేను కలగజేసుకున్నాను. 2019లో ఫిజీలో జరిగిన ఎకో ఛాలెంజ్‌ను మరుసటి ఏడాది అమెజాన్ ప్రైమ్‌లో నేనూ చూశాను. 30 దేశాల నుంచి 66 జట్లు, 671 కిలోమీటర్లు, 11 రోజుల గడువు. న్యూజిలాండ్ జట్టు ఆరు రోజుల లోపే ముగించింది. ఎవరెస్ట్ ఎక్కిన కవల అక్కచెల్లెళ్లు తాషీ, నుంగ్‌షీ మలిక్‌లతో మన దేశం నుంచి 'ఖుక్రీ వారియర్స్' అనే జట్టు వెళ్లింది. అది చూస్తున్నంతసేపూ నన్ను పట్టి ఉంచినది వేగం కాదు. దుంగల తెప్ప మీద వణుకుతూ కూర్చున్న మనుషులు ఒకరి భుజం ఒకరు రుద్దుకోవడం.

మన దగ్గరా లేకపోలేదు. పుణెలో నేషనల్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ 2003లో 'ఎండ్యూరో3' మొదలుపెట్టింది. అందులో జట్టుకు ముగ్గురు.

మామ: అయితె కాళ్లల్ల బలమున్నోడు గెలుస్తడు.

కోడలు: కాదు. మ్యాప్ చదవొచ్చినోడు గెలుస్తడు. ఇటు చూడు, ఇది సర్వే ఆఫ్ ఇండియా మ్యాప్. 2017ల వాళ్ల 'నక్షే' పోర్టల్‌లకెళ్లి ఆధార్ నంబర్ కొట్టి ఫ్రీగ దించుకునే ఏర్పాటు వచ్చింది. యాభై వేలకు ఒకటి స్కేలు. అంటె ఈడ రెండు సెంటీమీటర్లయితె నేల మీద ఒక కిలోమీటరు. ఈ గోధుమరంగు గీతలు ఎత్తును చెప్తయి, గీతకు గీతకు నడుమ ఇరవై మీటర్ల తేడా. గీతలు ఒకదానికొకటి అంటుకున్నట్టు ఉన్నకాడ గుట్ట నిలువుగ ఉంటది. దూరం దూరం ఉన్నకాడ సైకిల్ తొక్కొచ్చు. ఏడాదంత పారే వాగు నీలం రంగు, ఎండిపోయేది నలుపు. మేం ముగ్గురం ఆదివారాలు కంది దిక్కు, ఇస్నాపూర్ దిక్కు ఇది పట్టుకొని తిరుగుతున్నం. మ్యాప్‌ల చేను అని ఉన్నకాడ షెడ్డుంటది. మ్యాప్‌ల బండ్లబాట ఉన్నకాడ కాంపౌండ్ గోడ ఉంటది. ఊరు ఎంత మారిందో కాళ్లకు తెలుస్తది.

మామ: రాత్రి చీకట్ల ఏం కనవడ్తది?

కోడలు: రాత్రి అడుగులు లెక్కపెడ్తం. కుడికాలు పడ్డప్పుడల్ల ఒకటి. వంద మీటర్లకు నాయి అరవై ఐదు. ఎక్కుడు ఉంటె డెబ్బై దాటుతది. కంపాస్ చూసుకుంట ఒకలు, లెక్క పెట్టుకుంట ఒకలు. మన దగ్గర కంపాస్ ముల్లుకూ అసలు ఉత్తరానికీ ఉన్న తేడా ఎంతో లేదు, ఒక డిగ్రీ అటూ ఇటూ. న్యూజిలాండ్‌ల అది ఇరవై డిగ్రీలు దాటుతది. ఆడ ఆ తేడా తియ్యడం మర్చిపోతె కిలోమీటరు నడిచేసరికి 350 మీటర్లు పక్కకు పోతవ్.

మామ: మా నాయిన, మీ తాత, ఎండకాలమొస్తె మంద తోలుకొని గోదావరి దిక్కు పోయేటోడు. మ్యాప్ లేదు, కంపాస్ లేదు. సుక్కలు చూసుకుంట నెలల తరబడి నడిచేటోడు. ఆయనకెవలు మెడల్ వెయ్యలె.

కోడలు: తాతకు ఆ తొవ్వ ఎరుకే మామా, ఏటేటా పోయేదే. రేసుల తొవ్వ ఎవలికీ ఎరుకుండది. మ్యాప్ ముందురోజు రాత్రో, ఆ పొద్దుగాలనో చేతికిస్తరు. తాతలాంటోడు మా జట్టుల ఉంటె, ఆ కొత్త జాగల గూడ నీళ్లు ఏ దిక్కున్నయో గాలి వాసన చూసి చెప్పేటోడు. నాకు అది రాదు. నేర్చుకుందామంటె నేర్పేటోడు పోయిండు. మిగిలింది ఈ కాగితం.

ఆమె కాగితం అన్న ఆ మ్యాప్‌కు మన నేల మీద పాత కథ ఉంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే ఉత్తరానికి సాగుతూ ఈ దక్కను మీదుగానే పోయింది. 1815లో బీదర్ దగ్గరి డామర్‌గిద్దలో ఒక ఆధార రేఖను గొలుసులతో కొలిచారు. జహీరాబాద్ దాటి బీదర్ వెళ్లేవాళ్లు ఆ కొలత సాగిన నేలకు దగ్గరగానే ప్రయాణిస్తుంటారు. ఆ గొలుసులు మోసిన కూలీల పేర్లు ఏ మ్యాప్ మీదా లేవు. ఆ సంగతి చెబితే ఆయన తల ఊపాడు. తర్వాత గొంతు మారింది.

మామ: నేను ముప్పై ఏండ్లు చేసిన పనేంది బిడ్డా? పొద్దుగాల గేటు లోపలికి పోయిన మనిషి పోయినట్టే బయటికి రావాలె. గంతే. 2025 జూన్ 30 నాడు పాశమైలారంల ఫ్యాక్టరీ పేలినప్పుడు నేను రిటైరయి ఇంట్ల ఉన్న. సప్పుడు విని ఉరికిన. నలభై మందికి పైన పోయిర్రు. కొందరి ఆనవాలు గూడ దొరకలె. బిహార్, ఒడిశా, యూపీకెళ్లి వచ్చిన పోరగాండ్లు. వాళ్లోళ్లు ఫోన్ల ఫోటోలు చూపించుకుంట గేటుకాడ నిలబడ్డరు. పొట్టకోసం అపాయంల నిలబడేటోళ్లు మన సుట్టూ వేలమంది. గసొంటి జాగల ఉండి, అపాయాన్ని పైసలు వెట్టి కొనుక్కుంటానంటివి. నాకది మింగుడు పడ్తలేదు.

ఆ మాట తర్వాత బండి దగ్గర ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఆమె ఒక గ్లాసు తీసి, మ్యాప్ మూల పైకి లేస్తే మళ్లీ పెట్టింది.

కోడలు: ఆ పొద్దు నేను డ్యూటీల ఉన్న మామా. మా ల్యాబ్ అద్దాలు ఊగినయి. మా పక్క షెడ్డుల ఏం ఆరవెడ్తరో, ఏం మండుతదో నాకు ఈ రోజుదాక ఎవలు చెప్పలె. రేసుల మొత్తం ముందే కూసోవెట్టి చెప్తరు. ఏ వాగు ఎట్లుంటది, తాడు ఎక్కడ, ఆస్పత్రి ఎంత దూరం. కొన్ని నీళ్లకు 'డార్క్ జోన్' అని ఉంటది, పొద్దుగూకినంక అండ్లకు దిగొద్దు, ఉన్నకాడ తెల్లారేదాక ఆగాలె. హెల్మెట్, హెడ్‌లైట్, విజిల్, ఫస్ట్ ఎయిడ్, చలికి కప్పుకునే రేకు దుప్పటి లేకుంటె లైన్ మీద నిలవడనియ్యరు. మధ్యల ఆపి చూస్తరు, ఒక్కటి తక్కువైతె టైం కోస్తరు. నాకు భయమైతె వద్దంటా. పనికాడ వద్దనే హక్కు ఎవలికున్నది?

మామ: ఉన్నది. రూలుల రాసి ఉన్నది.

కోడలు: నువ్వు సూపర్‌వైజర్‌వు, నువ్వు అన్నవ్. కాంట్రాక్ట్ మీద వచ్చిన పోరడు అంటె?

ఆయన జవాబు చెప్పలేదు. ఆయన అడిగింది పెద్ద ప్రశ్నే. కానీ ఎంచుకున్న అపాయాన్నీ నెత్తిన పడ్డ అపాయాన్నీ ఒకే తక్కెడలో వేయకూడదని నాకనిపిస్తుంది. ఒకదాని కోసం సంతకం పెట్టే ముందు మనిషి చదువుకుంటాడు. రెండోదాని కోసం సంతకం పెట్టించుకుంటారు. ఈ మాట ఆయనతో అంటే, రాయికి ఆ తేడా తెలుస్తుందా అన్నాడు.

మామ: నువ్వు చెప్పినంక నేను గూడ ఫోన్ల సదివిన. 2004ల అమెరికా, వాషింగ్టన్ రాష్ట్రంల 'ప్రైమల్ క్వెస్ట్' నడుస్తుంటె గుట్ట మీదికెళ్లి బండ దొర్లింది. ఆస్ట్రేలియా జట్టు మనిషి అక్కడనే పోయిండు. హెల్మెట్లు, విజిళ్లు అన్నీ ఉండె. ఇంకోటి జెప్పనా? 2000ల మలేషియా, బోర్నియోల ఎకో ఛాలెంజ్ అయింది. 304 మంది ఆడి ఇండ్లకు పోయిర్రు. పోయినంక ఒకలెన్క ఒకలికి జ్వరం. డాక్టర్లు 189 మందిని అడిగి చూస్తె 80 మందికి ఆ లక్షణాలు. లెప్టోస్పైరోసిస్! ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్లకెళ్లి వచ్చేది. సెగామా నది ఈదుడే కారణమన్నరు. నీళ్లు తేటగ కనవడ్డా నమ్మొద్దు.

కోడలు: అది నిజం. దాని తర్వాతనే నది ఉన్న రేసులల్ల ఆ జబ్బు గురించి ముందే చెప్పుడు, గాయాలు కప్పుకొమ్మనుడు ఎక్కువైంది.

మామ: గంత దూరమెందుకు? నీ మ్యాప్‌ల నక్కవాగు చూపియ్యి.

ఆమె వేలు పెట్టి చూపింది. పారిశ్రామికవాడల మీదుగా సాగి మంజీరలో కలిసే గీత.

మామ: నా పెండ్లప్పుడు అండ్ల చాపలు పట్టిన్రు. ఇప్పుడు నువ్వు అండ్ల తెడ్డేస్తవా?

కోడలు: వెయ్య. నీకు తెలవంది ఒకటి చెప్తా విను, మా ల్యాబ్‌ల అందరికీ ఎరుకే. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన అచ్చేసిన్రు. పటాన్‌చెరుల మందుల కంపెనీల మురికినీళ్లు శుద్ధిచేసే కేంద్రంకెళ్లి బయటికొచ్చే నీళ్లను కొలిసిన్రు. సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక ఉన్నది. ఆ గోలి మింగిన రోగి రక్తంల ఉండేదానికన్న ఎక్కువ. శుద్ధి అయినంక ఉన్న లెక్క అది.

మామ: మరి ఇంక ఆట ఏడ ఆడ్తవ్?

కోడలు: నేను గూడ అదే అడుగుతున్న మామా. మంజీరల దిగలేం. కలబ్‌గూర్ కాడ మొసళ్లున్నయి, 1978 నుంచి అభయారణ్యం, పైగా అది పట్నం తాగే నీళ్లు. అండ్లకు మనం దిగకపోవుడే న్యాయం. మిగిలిన చెరువులల్ల చెయ్యి పెట్టాలంటె జంకుతం. కయాక్ నేర్చుకోనీకె హైదరాబాద్‌ల ఒక క్లబ్‌కు పోవాల్సి వచ్చింది. ఇంటి పక్క ఇన్ని నీళ్లుండి! ఈ ఆట మొదలువెట్టకముందు నేను ఈ వాగు పక్కపొంటి రోజు బస్సుల పోయేదాన్ని, ఒక్కనాడు కిటికీల నుంచి చూడలె. ఇప్పుడు ఏ నీళ్లు చూసినా, అండ్ల దిగొచ్చునా అని అడుగుతా. ముగ్గురం కలిసి ప్రతి ఆదివారం ఏ కాలువ ఏడ నల్లగున్నదో, ఏడ నురుగున్నదో మ్యాప్ మీద పెన్సిల్‌తోటి గుర్తు పెడ్తున్నం.

నేను మ్యాప్ మీదికి వంగి చూశాను. ఇస్నాపూర్ వైపు, చిట్కుల్ వైపు సన్నటి పెన్సిల్ గుర్తులు ఉన్నాయి, పక్కన తేదీలు. ఈ ఆట పనికొచ్చేదా కాదా అని నన్నెవరైనా అడిగితే ఆ గుర్తులు చూపిస్తాను. ఊరి చెరువును మ్యాప్ మీద వేలు పెట్టి చూపగల పిల్లలు మనకు ఎంతమంది ఉన్నారు?

డబ్బు మాట కూడా వచ్చింది. మంచి మౌంటెన్ బైక్ కొనాలంటే కొత్త మోటార్ సైకిల్ ధర అవుతుందని ఆయన అన్నాడు. ఆమె సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుందట, మిగతా ఇద్దరూ అడిగి తెచ్చుకున్నారట. పేదింటి పిల్లల కోసం ఇలాంటి ఆటలు కావని ఆయన అనగానే ఆమె మాలావత్ పూర్ణ పేరెత్తింది. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, వ్యవసాయ కూలీల బిడ్డ. సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకుని, 2014 మే 25న పద్నాలుగు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కింది. తోడుగా ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్.

మామ: ఆ పిల్లల వెనక సర్కారున్నది, గురువులున్నరు, నెలల తరబడి డార్జిలింగ్‌ల, లడఖ్‌ల తర్ఫీదు ఉన్నది. నీ ఎన్క ఎవలున్నరు? మల్లి మస్తాన్ బాబు సంగతి ఎరుకే గద. నెల్లూరు జిల్లా బిడ్డ. 2006ల ఏడు ఖండాల ఏడు శిఖరాలు 172 రోజులల్ల ఎక్కిండు. అసొంటి మొగోడు 2015ల ఆండీస్ కొండలల్ల మంచుల ఉండిపోయిండు. పేపర్ల ఫోటో చూసి ఆ రోజు నేను అన్నం తినలె.

కోడలు: నేను గూడ ఏడ్సిన. ఆయన ఆఖరుసారి ఒక్కడే పోయిండు మామా. ఈ ఆటల ఒక్కలు పోనీకె లేదు. జట్టోళ్లు ఒకలికొకలు వంద మీటర్ల లోపలనే ఉండాలె, కొన్ని రేసులల్ల ఇంక తక్కువ. చెక్‌పాయింట్‌కు అందరూ వస్తేనే లెక్క. ఒకలు ముందుగాల ఉరికొస్తె ఫాయిద లేదు. అందుకే అందరికన్న మెల్లగ నడిచేటోళ్ల నడకే జట్టు నడక. బలమున్నోడు నడుముకు సాగే తాడు కట్టి అలిసినోళ్లను గుంజుతడు. బ్యాగ్ మోస్తడు. సిగ్గుపడేది ఏం లేదు, అది రూలే. 2014ల ఈక్వడార్‌ల స్వీడన్ జట్టు కెప్టెన్ మైకేల్ లిండ్‌నార్డ్ ఒక ఊరకుక్కకు మాంసం ఉండ పెట్టిండు. అది బురదల, అడవిల వాళ్లెంట పడ్డది. ఆఖర్న కయాక్‌ల ఎక్కనియ్యకుంటె ఈదుకుంట వచ్చింది. గుంజి పడవల కూసోవెట్టుకున్నరు. ఆర్థర్ అని పేరు పెట్టి ఇంటికి తీస్కపోయిన్రు. 2024ల సినిమా గూడ వచ్చింది.

మామ: మీ ముగ్గుర్ల మెల్లగ నడిచేది ఎవలు?

కోడలు: నేనే.

ఆయన చాలాసేపు మ్యాప్ వైపు చూశాడు. తర్వాత అన్న మాటే ఆ సాయంత్రం విన్నవాటిలో అన్నిటికన్నా బలమైనది.

మామ: గందుకే నాకు భయం. మా ప్లాంట్‌ల ఒక మనిషి ఉండె. జ్వరంతోటి డ్యూటీ కొచ్చిండు. ఎందుకొచ్చినవ్ అంటె, నేను రాకుంటె నా బదులు ఇంకొకడు డబుల్ డ్యూటీ చేయాలె సార్ అన్నడు. మంచోడు. ఆ మంచితనంతోటే మెట్ల మీద పడి కాలు ఇరగ్గొట్టుకున్నడు. నీ రూల్ ఏమంటున్నది? నువ్వు ఆగిపోతె మిగిలిన ఇద్దరి లెక్క గూడ పోతది. అప్పుడు నీ మోకాలు వాచినా చెప్తవా? కండ్లు తిరిగినా చెప్తవా? సిగ్గు లేదు, తాడు కట్టి గుంజుతరు అంటున్నవ్. సిగ్గు తాడుతోటి పోదు బిడ్డా. ఇద్దరు నీ కోసం సంవత్సరం కష్టపడ్డంక, నా చేత గాదు అనే మాట నోట్లకెళ్లి రాదు.

కోడలు: (కొంచెం ఆగి) పోయిన నెల గదే అయింది. కంది దిక్కు రాత్రి నడుస్తున్నం. బొబ్బలు పగిలి సాక్సు తడిసింది. నేను చెప్పలె. నా నడక చూసి వాళ్లే కనిపెట్టిన్రు. ఆ రాత్రి ఆపేసినం. దానికి నా దగ్గర జవాబు లేదు మామా. అప్పటికెళ్లి ఒకటి చేస్తున్నం. గంటకొకసారి నిలబడి ముగ్గురం పదికి ఎన్ని అని చెప్పాలె. కాళ్లు ఎన్ని, కడుపు ఎన్ని, నిద్ర ఎన్ని. అబద్ధం చెప్తె తెలిసిపోతది, ఎందుకంటె అంతకుముందు గంటల చెప్పింది యాదికుంటది.

మామ: నిద్రకు ఎన్ని చెప్పినవ్ ఆ రాత్రి?

కోడలు: తెల్లారంగ మూడింటికి... రెండు.

మామ: మూడు నుంచి ఐదు. ముప్పై ఏండ్లు నైట్ షిఫ్ట్ చూసిన. వాల్వ్ తప్పు తిప్పేది ఆ టైంలనే. ఫోర్క్‌లిఫ్ట్ గోడకు గుద్దేది ఆ టైంలనే. మనిషి కండ్లు తెరిచే ఉంటడు, లోపల ఉండడు. ముందు పోయేటోళ్లు ఆ టైంల పండుకుంటరా?

కోడలు: పండుకోరు. గెలిచే జట్లు ఆ టైంలనే ముందుకు పోతయి. పెద్ద రేసులల్ల నాలుగో రోజుకు చెట్లు మనుషుల లెక్క కనవడ్తయట. వాళ్లే చెప్పుకుంటరు.

మామ: చూసినవా. అయినా పోతనంటున్నవ్.

కోడలు: పోతా మామా.

మామ: నేను వద్దంటున్న. ఇప్పటికీ వద్దనే అంటున్న. కని పోతె, ఆ రెండు గంటలు ముగ్గురూ పండుకోండ్రి. రేకు దుప్పట్లు కప్పుకొని ఒకలి పక్క ఒకలు.

కోడలు: గట్లయితె గెలువం.

మామ: గెలువకుండ్రి.

హైవే మీద రాత్రి షిఫ్టు బస్సు ఆగి హారన్ కొట్టింది. ఆమె గ్లాసులు ఒక్కొక్కటే తీసి, పెన్సిల్ గుర్తులు చెరిగిపోకుండా మ్యాప్‌ను లోపలివైపుకు మడిచింది.